డెస్క్‌టాప్ బిగించేటప్పుడు ఎర్తింగ్‌తో నా అనుభవం

సొంతంగా డెస్క్‌టాప్ బిగించుకుందామని కూర్చున్నప్పుడు ప్రాసెసర్, ర్యామ్ ఎంచుకోవడం పెద్ద కష్టం కాలేదు. ఎర్తింగ్ దగ్గరే బుర్ర తిరిగింది. ఒకరేమో "ఎస్‌ఎమ్‌పీఎస్‌ని (పార్టులన్నిటికీ కరెంటు అందించే డబ్బాని) గోడ ప్లగ్గులో పెట్టి వెనక స్విచ్ ఆపెయ్, కేబినెట్‌కి ఎర్త్ దొరుకుతుంది" అంటారు. ఇంకొకరు "వైరు పీకకుండా లోపల చెయ్యి పెట్టొద్దు" అంటారు. ఇద్దరిదీ ఒకటే ధీమా. తీరా చూస్తే ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. మన ఒంటి మీది స్టాటిక్ (రాపిడి వల్ల చేరే విద్యుత్తు) నుంచి పార్టుల్ని కాపాడుకోవడం ఒకటి. కంప్యూటర్ నడుస్తున్నంత కాలం మనల్ని కాపాడే ఎర్త్ ఇంకొకటి. నాకు రెండోదే ముఖ్యమనిపించి ముందు దాని సంగతి చూశాను.

దానికో కారణముంది. మా పాత కంప్యూటర్ కేబినెట్ మీద వేలు రాస్తే సన్నగా జివ్వుమనేది. "స్టాటిక్‌లే" అనేవాళ్లు అందరూ. స్టాటిక్ అయితే ఒక్కసారి చిటుక్కుమని ఆగిపోవాలి కదా. ముట్టుకున్న ప్రతిసారీ, ముట్టుకున్నంతసేపూ జివ్వుమంటుంటే అది కరెంటే. ఎస్‌ఎమ్‌పీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట, కరెంటులోని నాయిస్‌ని (అనవసరపు ఒడిదుడుకుల్ని) వడకట్టడానికి ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు లోహపు డబ్బాకి కలిపి ఉంటాయి. వాటిని వై కెపాసిటర్లంటారు. ఎర్త్ ఉంటే వాటిగుండా కారే కాస్త కరెంటు అటే పోతుంది. లేకపోతే 230 వోల్టుల సరఫరాలో డబ్బా మీద దాదాపు సగం, అంటే 115 వోల్టుల దాకా నిలుస్తుంది. కారే కరెంటు మిల్లీ ఆంపియర్‌లోపే ఉంటుంది కాబట్టి మామూలుగా జివ్వుమనడంతో సరిపోతుంది. అసలు భయం వేరే. లోపల ఎప్పుడైనా ఫేజ్ వైరు ఇన్సులేషన్ పోయి డబ్బాకి తగిలితే, ఎర్త్ ఉన్న చోట ఫ్యూజో బ్రేకరో వెంటనే పోతుంది. ఎర్త్ లేని చోట ఏదీ పోదు, కేబినెట్ మొత్తానికి 230 వోల్టులు వచ్చేస్తాయి.

కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్‌ని ఎక్కడా ప్లగ్ చేయకుండానే మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టాను. రెండు ప్రోబ్‌లు ఆనించిన చోట్లు లోపల కలిసి ఉంటే అది మోగుతుంది. ఒక ప్రోబ్ పవర్ కార్డు ఎర్త్ పిన్ను మీద, రెండోది డబ్బా మీద. బీప్ లేదు. పెయింట్ అడ్డం. స్క్రూ మీద పెట్టగానే మోగింది. అదే ప్రోబ్‌ని మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌లో నల్ల వైరుకి (అదే గ్రౌండ్) ఆనిస్తే అక్కడా మోగింది. ఎర్త్ పిన్ను, డబ్బా, లోపలి గ్రౌండ్ అన్నీ ఒకటే అని పుస్తకంలో చదవడం కంటే ఆ బీప్ వినడం వల్లే నాకు బాగా ఎక్కింది.

ఇక సాకెట్. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత ఉంటుందో, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్యా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. నా సాకెట్‌లో ఫేజ్, ఎర్త్ మధ్య అంకె సగం కంటే తక్కువ, అదీ నిలకడగా లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పితే ఎర్త్ వైరు స్క్రూలోంచి ఊడి పక్కకి పడి ఉంది. బిగించాక అంకెలు సరిపోయాయి, పాత కంప్యూటర్ జివ్వుమనడం కూడా ఆగింది. అయితే ఈ మీటరు లాగే కరెంటు చాలా తక్కువ. అంతంతమాత్రం ఎర్త్ కూడా దానికి బాగానే కనబడుతుంది. అందుకే ఆయన చేత ఎర్త్ టెస్టర్‌తో కూడా చూపించాను. అలవాటు లేనివాళ్లు సాకెట్‌లో ప్రోబ్‌లు పెట్టకండి, ఆ పని తెలిసినవాళ్లకి వదిలేయడమే మేలు.

బిగించేటప్పుడు మాత్రం వైరు పీకేసే పని చేశాను. స్టాటిక్ విషయంలో కావాల్సింది నేను, కేబినెట్, మదర్‌బోర్డు ఒకే పొటెన్షియల్‌లో, అంటే మా మధ్య వోల్టేజీ తేడా లేకుండా ఉండటం. దానికి గోడలోని ఎర్త్ తప్పనిసరి కాదు. మనకి చిటుక్కుమని తెలియాలంటే సుమారు 3000 వోల్టులు కావాలి, కొన్ని చిప్పులు పాడవడానికి 100 వోల్టుల లోపే చాలు. అందుకే మణికట్టుకి రిస్ట్ స్ట్రాప్ అనే పట్టీ కట్టుకుని, దాని క్లిప్‌ని కేబినెట్‌లో పెయింట్ లేని చోట పెట్టుకున్నాను. ఆ స్ట్రాప్‌లో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంటుంది. పొరపాటున కరెంటు తగిలినా ఒంట్లోంచి ఎక్కువ పారనివ్వదు. ప్లగ్గులో పెట్టి స్విచ్ ఆపే పద్ధతీ తప్పు కాదు, ఆ స్విచ్ ఎర్త్‌ని తెంచదు. కాకపోతే స్విచ్ ఆపడం మరిచామా, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా బోర్డు మీద 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు నడుస్తూనే ఉంటుంది. అలా ఉండగా ర్యామ్ గుచ్చడం నాకు ఇష్టం లేదు. పైగా నా సాకెట్ మొదట ఉన్నట్టు ఉంటే ఆ పద్ధతి వల్ల ఎర్తేమీ దొరకదు.

మిగతాది త్వరగానే అయింది. మదర్‌బోర్డుని కేబినెట్‌కి తగలకుండా ఎత్తి పట్టే చిన్న లోహపు స్టాండ్‌ఆఫ్‌లన్నీ బిగించాను. బోర్డు గ్రౌండ్ వాటిగుండా కూడా కేబినెట్‌కి కలుస్తుంది. వాటి మీద వాషర్లు వేయమని కొందరంటారు, నేను వేయలేదు, అవసరమూ లేదు. ఎస్‌ఎమ్‌పీఎస్ నాలుగు స్క్రూలూ గట్టిగా పట్టించాను. దాని మూత మాత్రం విప్పలేదు. వైరు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా నిలిచి ఉండొచ్చు.

ఆన్ చేసే ముందు ఆఖరిసారి ఎర్త్ పిన్నుకీ యూఎస్‌బీ పోర్టు లోహానికీ మధ్య బీప్ చూశాను, మోగింది. ఎక్స్‌టెన్షన్ బాక్సుని కూడా అలాగే చూస్తే మోగలేదు. మూడు రంధ్రాలున్నాయి గానీ వైరులో రెండు తీగలే ఉన్నాయి. దాన్ని పక్కన పడేసి కంప్యూటర్‌ని నేరుగా గోడ సాకెట్‌కే కలిపాను.