మంట తగ్గించి వండే ఫ్రెంచి వంట

ఫ్రెంచి వంటకాలను ఇంట్లో చేయాలనుకునేవారిని సాధారణంగా వెనక్కి లాగేవి ఖరీదైన దినుసులు, నోరు తిరగని పేర్లు. నా మటుకు నాకు ఆ వంటలో అసలు కష్టం మంట తగ్గించి ఓపికపట్టడంలోనే ఉందనిపిస్తుంది. ఉల్లిపాయ సూపునే చూడండి: ఉల్లిపాయలు, వెన్న, మాంసపు ఎముకలు మరిగించి తీసిన రసం, రొట్టె ముక్కలు, పైన గ్రుయేర్ చీజ్, అంతకుమించి పెద్దగా ఏమీ ఉండదు. సన్నగా తరిగిన ఉల్లిపాయలు సన్నని సెగ మీద ముదురు గోధుమ రంగుకు రావడానికి ముప్పావు గంట నుంచి గంట దాకా పడుతుంది కాబట్టి, పది నిమిషాల్లో అయిపోతుందని చెప్పే వంట విధానాలను నేను నమ్మను. తొందరపడి మంట పెంచితే అంచులు మాడి చేదెక్కుతాయే తప్ప లోపలి తీపి బయటికి రాదు.

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతం పేరు మోసే బెఫ్ బుర్గిన్యోన్‌కు (రెడ్ వైన్‌లో ఉడికించే గొడ్డుమాంసపు కూర) ఈ ఓపిక మరింత అవసరం. దానికి మెత్తని ఖరీదైన మాంసం పనికిరాదు. పశువు బాగా కదిలించే భుజం, పిక్క భాగాల్లోని కొలాజెన్ అనే గట్టి ప్రొటీన్ రెండు మూడు గంటల పాటు నిదానంగా ఉడికి మెత్తని జెలటిన్‌గా మారినప్పుడే ముక్క మెత్తబడి, రసానికి నిండుదనం వస్తుంది. ముక్కలను ముందుగా కొద్దికొద్దిగా వేయించుకోవాలి, ఎందుకంటే గిన్నె నిండా ఒకేసారి వేస్తే నీరు ఊరి, మాంసం వేగడానికి బదులు ఉడుకుతుంది. తరువాత గిన్నె అడుగున అంటుకున్న గోధుమ రంగు పొరను రెడ్ వైన్ పోసి, చెక్క గరిటెతో గీకి కరిగించాలి. రుచిలో సగం అక్కడే ఉంటుంది. (వైన్ తాగదగినదైతే చాలు, గొప్పది కానక్కరలేదు.) ఈ కూర మరునాటికి ఇంకా బాగుంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు బెషమెల్ అనే తెల్లని పాల సాస్ నేర్చుకోవడం మంచిది. 30 గ్రాముల వెన్నలో అంతే బరువు మైదాను రంగు మారకుండా వేయించి, అర లీటరు పాలు కొద్దికొద్దిగా కలిపి, పచ్చి పిండి వాసన పోయేదాకా కలియబెడుతూ ఉడికిస్తే సరిపోతుంది. దానికి చీజ్ కలిపితే మోర్నే సాస్, గుడ్డు పచ్చసొనలూ గిలక్కొట్టిన తెల్లసొనా కలిపి ఓవెన్‌లో పెడితే పొంగి వచ్చే సూఫ్లే అవుతాయి. పచ్చసొన, కరిగించిన వెన్నతో చేసే హాలండేజ్ సాస్‌ను మాత్రం తరువాతకు వాయిదా వేసుకోండి. సెగ కాస్త ఎక్కువైతే పచ్చసొన గడ్డకడుతుంది. వెన్న త్వరగా పోస్తే సాస్ విరిగిపోతుంది. గడ్డకట్టకుండా కేవలం విరిగినదైతే, వేరే గిన్నెలో ఇంకొక పచ్చసొనను చెంచాడు నీళ్లతో గిలకొట్టి, విరిగిన సాస్‌ను అందులో బొట్లుబొట్లుగా కలుపుతూ బాగుచేసుకోవచ్చు.