బార్నాక్ కెమెరాకు పలికిన ధర

2022 జూన్‌లో జర్మనీలోని వెట్జ్లర్‌లో జరిగిన లైట్జ్ ఫోటోగ్రాఫికా వేలంలో, 0 సిరీస్‌కు చెందిన 105వ నంబరు లైకా కెమెరా, కొన్నవారు అదనంగా చెల్లించే వేలం రుసుముతో కలిపి 1 కోటి 44 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. నిర్వాహకులు ముందుగా వేసుకున్న అంచనా 20 నుంచి 30 లక్షల యూరోలు మాత్రమే.

1925లో లైకా మార్కెట్లోకి రావడానికి ముందు, పరీక్షించి చూడటం కోసం ఈ సిరీస్‌లో ఇరవైకి పైగా కెమెరాలను తయారుచేశారు. వాటిలోనే 122వ నంబరుది 2018లో 24 లక్షల యూరోలు పలికింది. ఒకే కర్మాగారంలో, ఒకే కాలంలో పుట్టిన రెండు కెమెరాల మధ్య ఇంత అంతరం రావడానికి అరుదుదనం ఒక్కటే కారణం కాజాలదు. 105వ నంబరు కెమెరా లైకా సృష్టికర్త ఆస్కార్ బార్నాక్ సొంతది. వ్యూఫైండర్ (ఫోటో తీసేముందు దృశ్యాన్ని చూసే భాగం) మీద ఆయన పేరు చెక్కి ఉంది. దానితోనే ఆయన తన కుటుంబాన్ని ఫోటోలు తీసుకున్నారు. ఆ చేతి స్పర్శకే అంత విలువ కట్టారని నేను నమ్ముతున్నాను, అది నాకు న్యాయంగానే తోస్తుంది.

అయితే పేరు చెక్కి ఉన్నంత మాత్రాన నమ్మరాదు. సోవియట్ కాలపు ఫెడ్, జోర్కి కెమెరాల మీద లైకా ముద్ర వేసి అమ్మినవి నేటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. అందుకే సీరియల్ నంబరును, పాత రసీదులను, యజమానుల వరుసను పరిశీలించకుండా ఎవరూ డబ్బు చెల్లించకూడదు. లెన్సు విషయంలో మాత్రం కాగితాలకంటే ముందు గాజును చూడాలి. మన కోస్తా తేమలో బీరువాలో మూసి ఉంచిన లెన్సుకు బూజు పడితే దాని ధర బాగా పడిపోతుంది.