మా నల్లా నీళ్ళు పుట్టే చోట ఆకురాలు కాలం

ఇంగ్లండు చూడవచ్చే మనవాళ్ళు ఎక్కువగా జూన్, జూలై నెలలను ఎంచుకుంటారు. ఎండ హాయిగా ఉంటుంది, రాత్రి తొమ్మిది దాటినా వెలుగు పోదు కనుక వారి ఎంపికను కాదనలేము. అయినా హన్మకొండ నుంచో, కరీంనగర్ నుంచో ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటారని అడిగే బంధువులకు మావారు, నేను ఒకే మాట చెబుతాము. దసరా పండుగ ఇంట్లో చేసుకుని, అక్టోబరు నడిమికి ఇక్కడికి చేరేలా టికెట్లు తీసుకోండి అంటాము. అప్పటి నుంచి నవంబరు మొదటి వారం దాకా ఈ దేశానికి ఉండే అందం మిగతా ఏడాదంతా వెతికినా దొరకదని మా ఇద్దరి నమ్మకం.

మేము ఉండేది మాంచెస్టర్‌లో. ఉద్యోగాల వల్ల ఏడాదంతా తిరగడం కుదరదు కాబట్టి సెలవులను దాచుకుని ఈ కాలానికే వాడుకుంటున్నాము. లండన్ రిచ్‌మండ్ పార్కులో పోతుజింకలు కొమ్ములు కలిపి పోరాడుకునేది ఈ రోజుల్లోనే. వాటికి 50 మీటర్ల దూరంలో నిలబడాలన్న నియమాన్ని పాటిస్తూ ఉదయపు మంచులో చూశాము. దీపావళికి లెస్టర్ నగరంలోని బెల్‌గ్రేవ్ రోడ్డు దీపాలనూ చూశాము. వాటి గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను రాయదలచుకున్నది మాంచెస్టర్‌కు ఉత్తరాన, లేక్ డిస్ట్రిక్ట్ అని పిలిచే కొండల సీమలో మేము వెతుక్కుంటూ వెళ్ళిన చెరువుల గురించి.

అలా వెతకడానికి కారణం మా మామయ్య. ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. పాకాల, రామప్ప, లక్నవరం కట్టల మీద ఆయన నడవని అడుగు లేదు. మేము ఇక్కడికి వచ్చిన కొత్తలో విండర్‌మియర్ సరస్సు ఒడ్డున రంగు మారిన చెట్ల ఫొటోలు పంపితే, ఆయన రంగుల మాట ఎత్తకుండా, "కట్ట ఎక్కడుంది బిడ్డా? మత్తడి ఎటు దుంకుతది?" అని అడిగారు. చెరువు నిండితే అదనపు నీరు పొర్లిపోయే చోటే మత్తడి. విండర్‌మియర్‌కు మన చెరువుకు ఉన్నట్టు కట్ట లేదు. మంచుయుగంలో కొండల మీది నుంచి జారిన హిమానీనదాలు లోయను తొలిచి, సుమారు 17 కిలోమీటర్ల పొడవున ఇంగ్లండులోకెల్లా పెద్ద సరస్సును మిగిల్చి పోయాయి. మనిషి కట్టకుండానే ఇంత నీరు నిలిచిందంటే మామయ్యకు ఆశ్చర్యం కలిగింది. కట్ట ఉన్న చెరువు ఒక్కటైనా ఉండాలి, చూసి చెప్పండి అన్నారు. ఆ ఒక్క మాట మా ప్రయాణాలకు దారి చూపింది.

వరంగల్ మనిషికి ఆ ప్రశ్న సహజంగానే వస్తుంది. మాంచెస్టర్‌కు వానల ఊరని పేరున్నా, అక్కడ ఏడాదికి కురిసేది 800 నుంచి 900 మిల్లీమీటర్ల మధ్య మాత్రమే. వరంగల్‌లో దాదాపు 1,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. తేడా అంతా కురిసే తీరులో ఉంది. ఇక్కడ పన్నెండు నెలలూ తుంపర్లుగా పడే వాన మన దగ్గర నాలుగు నెలల్లో కుండపోతగా పడి పోతుంది. ఆ నాలుగు నెలల నీటిని పట్టి ఉంచుకోకపోతే మిగతా ఎనిమిది నెలలు బతుకు లేదు కనుకనే కాకతీయులూ వారి సామంతులూ గుట్టకూ గుట్టకూ నడుమ కట్టలు వేశారు. రేచర్ల రుద్రుడు 1213లో గుడితో పాటు చెరువునూ కట్టించాడు, ఆ రామప్ప చెరువు కింద నేటికీ వరి పండుతోంది. అటువంటి నేల మీద పుట్టినవాళ్ళకు నీరు కనబడితే కట్టించినవారెవరన్న ఆలోచన రాక మానదు.

మామయ్య అడిగిన చెరువు మాకు తిర్ల్‌మియర్‌లో దొరికింది. మాంచెస్టర్ నుంచి విండర్‌మియర్ దాకా రైలులో వెళ్ళి, అక్కడ కెజిక్ వెళ్ళే 555 నంబరు బస్సు ఎక్కి పై అంతస్తులో ముందు వరుసలో కూర్చుంటే, గ్రాస్‌మియర్ దాటి కనుమ ఎక్కిన తరువాత ఎడమవైపున చెట్ల సందుల్లోంచి అది కనబడుతుంది. కుడివైపున 950 మీటర్ల ఎత్తున్న హెల్వెలిన్ కొండ ఉంటుంది. బట్టల మిల్లులతో, జనంతో పెరిగిపోతున్న మాంచెస్టర్ నగరం తన దాహం తీర్చుకోవడానికి 1879లో పార్లమెంటు నుంచి చట్టం తెచ్చుకుని, ఈ లోయకు ఉత్తరపు కొసన రాతికట్ట వేసి, అంతకు ముందున్న చిన్న సరస్సు మట్టాన్ని దాదాపు 15 మీటర్లు పెంచింది. నీళ్ళు నగరానికి చేరింది 1894లో. నడుమ ఉన్న దాదాపు 154 కిలోమీటర్ల దూరాన్ని ఆ నీరు సొరంగాలలో, కాలువలలో, పైపులలో, ఎక్కడా పంపు అవసరం లేకుండా, నేల వాలును పట్టుకుని ఒక రోజుకు కొంచెం పైగా ప్రయాణించి దాటుతుంది. మా వంటింటి నల్లా తిప్పితే వచ్చే నీటిలో ఈ చెరువు నీరు ఉందని తెలిసిన క్షణాన, కట్ట మీద నిలబడి ఉన్న మావారు వెంటనే మామయ్యకు వీడియో కాల్ చేశారు. మామయ్య తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ అని అడిగి, ఫోన్ ఇటు తిప్పు అటు తిప్పు అంటూ అరగంట సేపు పరీక్ష చేశారు. పంపు లేదన్న మాట విని ఆయన ముఖంలో కలిగిన సంతోషాన్ని నేను మరచిపోలేను.

ఆకురాలు కాలపు రంగుల కోసమే వచ్చేవారికి తిర్ల్‌మియర్ అంతగా నచ్చకపోవచ్చు. కట్ట పూర్తయిన తరువాత నగరపాలకులు చుట్టుపక్కల వాలుల నిండా ఏడాది పొడవునా పచ్చగా ఉండే సూదిమొన ఆకుల చెట్లను నాటించారు. అందువల్ల అక్కడి అడవి అక్టోబరులో కూడా నల్లటి పచ్చదనంతో ఉంటుంది. ఆ నలుపు మధ్య అక్కడక్కడ లార్చ్ చెట్లు మాత్రం బంగారు రంగుకు తిరుగుతాయి. లార్చ్ కూడా సూది ఆకుల జాతిదే అయినా ఆకులన్నీ రాల్చే అరుదైన చెట్టు. నాకు మటుకు, చుట్టూ ఏ చెట్టూ మారనప్పుడు అది ఒక్కటే పసుపు పూసుకుని నిలబడటమే ఎక్కువ అందంగా తోచింది.

నిండుగా రంగులు కావాలంటే డెర్వెంట్‌వాటర్ ఒడ్డుకు వెళ్ళాలి. ఆ సరస్సు పడమటి ఒడ్డున బ్రాండెల్‌హౌ అనే అడవి ఉంది. తిర్ల్‌మియర్ కట్ట వద్దని గట్టిగా పోరాడినవారు ఓడిపోయిన కాలం తరువాత, 1895లో ప్రకృతినీ పాత కట్టడాలనూ కాపాడే నేషనల్ ట్రస్ట్ ఏర్పడింది. 1902లో జనం ఇచ్చిన చందాలతో ఈ సీమలో ఆ సంస్థ మొదట కొన్న నేల బ్రాండెల్‌హౌ. అక్కడ బీచ్ చెట్ల ఆకులు రాగి రంగుకు, బర్చ్ ఆకులు లేత పసుపుకు మారతాయి. ఓక్ అన్నిటికంటే ఆలస్యంగా మారుతుంది. చెట్లే లేని కొండల వాలులు కూడా ఎర్రబడటం చూసి మొదట మాకు అర్థం కాలేదు. అక్కడ దట్టంగా పెరిగే బ్రాకెన్ అనే మొక్కలు ఎండి తుప్పు రంగుకు తిరగడం వల్ల కొండకు కొండే రంగు మారినట్టు కనబడుతుందని తరువాత తెలిసింది.

ఈ రంగులకు కారణం వెలుగూ చలీ. పగటి వేళ తగ్గుతున్నకొద్దీ చెట్టు ఆకులోని పత్రహరితాన్ని విడగొట్టి అందులోని సారాన్ని వెనక్కి తీసుకుంటుంది. అంతవరకూ పచ్చదనం చాటున ఉన్న కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు అప్పుడు పసుపుగా బయటపడతాయి. కొన్ని చెట్లు ఆకులో మిగిలిన చక్కెరతో ఆంథోసయనిన్లు అనే మరో రకం రంగు పదార్థాలను కొత్తగా తయారు చేసుకోవడం వల్ల ఎరుపు వస్తుంది. పగలు ఎండ కాసి, రాత్రి మంచు గడ్డకట్టనంత చలి ఉంటే ఆ ఎరుపు బాగా చిక్కనవుతుంది. మన ఏటూరునాగారం, పాకాల అడవుల్లోని టేకు చెట్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చేది నీరు చాలక. ఇక్కడి చెట్లకు కాళ్ళ కింద నీటికి కొదవ లేదు. డెర్వెంట్‌వాటర్‌కు ఎగువన ఉన్న సీత్‌వెయిట్ అనే ఊరిలో ఏడాదికి దాదాపు 3,500 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. నీటిలో నిలబడి వెలుగు చాలక ఆకులు రాల్చే చెట్లను మేము చూసింది ఇక్కడే.

నాకు అన్నిటికంటే ఎక్కువగా గుర్తుండేది హాస్‌వాటర్. అదీ మాంచెస్టర్ దాహం కోసం పెంచిన చెరువే. పెన్రిత్ దాకా రైలులో వెళ్ళి, అక్కడి నుంచి టాక్సీలో చేరుకున్నాము. ఆ నీటి అడుగున మార్డేల్ అనే ఊరు ఉంది. 1935 ఆగస్టులో ఊరి చర్చిలో చివరి ప్రార్థన జరిగింది. సమాధుల్లోని వారిని తవ్వి తీసి షాప్ అనే పక్క ఊరికి తరలించి మళ్ళీ పూడ్చారు. వానలు బాగా తగ్గిన ఏడాది నీటి మట్టం పడిపోయి పాత రాతిగోడలు, ఇరుకైన వంతెన బయటపడతాయి. అలాంటి ఒక ఏడాది అక్టోబరు మొదట్లో మేము వెళ్ళాము. చుట్టూ కొండలు తుప్పు రంగులో ఉన్నాయి, మధ్యలో ఎండిన బురద మీద గోడల వరుసలు ఉన్నాయి. జనం ఆ గోడల మధ్య మెల్లగా తిరుగుతూ ఫొటోలు తీసుకుంటున్నారు.

నేను అక్కడ ఫొటో తీయలేకపోయాను. మిడ్ మానేరు జలాశయం నీళ్ళ కింద పోయిన ఊళ్ళలో మా అమ్మమ్మ ఊరు ఒకటి. బతుకమ్మ ఆడిన వాకిలి, పోచమ్మ గుడి, బొడ్రాయి, అన్నీ అందులో ఉన్నాయి. ఎండాకాలంలో నీరు వెనక్కి జరిగితే మా మేనమామలు వెళ్ళి ఏ గోడ ఎవరిదో గుర్తుపట్టుకుని వస్తారు. మావారు ఏమీ అనకుండా నా పక్కన చాలా సేపు నిలబడ్డారు. పట్నానికీ పొలానికీ నీరు కావాలన్నది నిజం, మామయ్య జీవితమంతా చేసిన పని అదే, దాని విలువ నాకు తెలుసు. అయితే ఆ చెరువు తలాపున, రోడ్డు ఆగిపోయే చోటును నేటికీ మార్డేల్ హెడ్ అనే పిలుస్తారు. ఊరు పోయి తొంభై ఏళ్ళవుతున్నా దాని పేరు మ్యాపుల్లో, దారి గుర్తుల్లో బతికి ఉంది. మానేరులో మునిగిన ప్రతి ఊరి పేరునూ ఆ నీటి ఒడ్డున అలా ఒక చోటికి పెట్టాలని, కొత్త కాలనీల్లో పెరిగే పిల్లలు ఆ పేరు చెప్పుకుంటూ బస్సు దిగాలని నా కోరిక. ఈ మాట మా ఊరివాళ్ళతో కూడా చెబుతున్నాను.

ఈ కాలంలోనే వచ్చే బతుకమ్మను మాంచెస్టర్‌లోని తెలంగాణ కుటుంబాలన్నీ కలిసి ఒక హాలు అద్దెకు తీసుకుని చేసుకుంటాయి. తంగేడు, గునుగు ఇక్కడ దొరకవు. బంతి, చామంతి దొరుకుతాయి, వాటికి తోడు ఇక్కడి తోటల్లో చలిమంచు పడేదాకా విరగబూసే డేలియాలను పేరుస్తాము. హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర నీటిలో వదిలినట్టు ఇక్కడ వదలడానికి లేదు. ఎదురుగా ఎంత పెద్ద చెరువున్నా అది ఒక నగరం తాగే నీరు కనుక, హాల్లోనే పెద్ద తొట్టిలో నీరు నింపి బతుకమ్మను సాగనంపుతున్నాము.

రాదలచుకున్నవారికి తెలియవలసినవి కొన్ని ఉన్నాయి. అక్టోబరు చివరి ఆదివారం నాడు గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజు నుంచే సాయంత్రం ఐదు లోపే పొద్దు గుంకుతుంది కాబట్టి ఉదయపు మొదటి రైలు పట్టుకోవడం మంచిది. ఇద్దరూ కలిసి తిరిగేవారికి ఛార్జీలో మూడో వంతు తగ్గించే టూ టుగెదర్ రైల్‌కార్డు ఉంది, పని దినాల్లో మాత్రం అది ఉదయం 9.30 తరువాతే చెల్లుతుంది. రాలిన ఆకులు చక్రాల కింద నలిగి పట్టాల మీద జారుడు పొరగా అంటుకోవడం వల్ల ఈ కాలంలో రైళ్ళు నెమ్మదిగా నడుస్తాయి. కాబట్టి మారవలసిన రైళ్ళ మధ్య తగినంత వ్యవధి ఉంచుకోవాలి. కొండల్లో హోటళ్ళు త్వరగా మూసేస్తారు. మేమైతే సర్వపిండి కాల్చి డబ్బాలో పెట్టుకుని, ఫ్లాస్కులో చాయ్ పోసుకుని బయలుదేరుతాము.

పెద్దవాళ్ళను తీసుకొచ్చేవారు కొండలు ఎక్కించాలని చూడవద్దు. కెజిక్ నుంచి డెర్వెంట్‌వాటర్ చుట్టూ తిరిగే లాంచీ ఎక్కిస్తే బ్రాండెల్‌హౌ అడవినీ, కొండల రంగులనూ కూర్చున్న చోటి నుంచే చూడవచ్చు. నవంబరు వచ్చాక లాంచీలు తగ్గుతాయి కనుక ముందే వేళలు చూసుకోవాలి. బీచ్, బర్చ్ చెట్లకు అక్టోబరు మూడు, నాలుగో వారాలు మంచివి. ఆ వారాలు దాటిపోయినా దిగులు లేదు, లార్చ్ చెట్లు నవంబరు రెండో వారం దాకా నిలుస్తాయి.