జూబాలో బోరు బండి మీద

మాది దర్శి పక్కన పల్లె. మీసాలు రాకముందే బోరు లారీ ఎక్కాను. మా వైపు ఆరేడొందల అడుగులు దింపినా దుమ్ము లేవడం తప్ప చుక్క రాని చోట్లు ఎన్నో. పడిన నీళ్ళలో ఫ్లోరైడు. దొనకొండ, కురిచేడు పల్లెల్లో వంగిపోయిన కాళ్ళు చూసినవాళ్ళకు నేను విడమరచి చెప్పక్కర్లేదు. ఆ పనే చేతిలో పెట్టుకుని దక్షిణ సూడాన్ రాజధాని జూబాకు పోయాను. కొన్నేళ్లు అక్కడే ఉన్నాను.

జూబా చుట్టుపక్కల నేల మనకు కొత్తేం కాదు. కింద గట్టి రాయి, హ్యామర్ పెట్టి కొట్టాల్సిందే. నైలు నది వెంట ఉత్తరంగా జోంగ్లే రాష్ట్రం వైపు పోతే రాయి పోయి బంకమన్ను, ఇసుక తగులుతాయి. అక్కడ పని పద్ధతే వేరు. వానాకాలం వస్తే ఆ నల్లమట్టిలో లారీ చక్రాలు ఇరుసుదాకా దిగిపోతాయి. బోర్లు ఎక్కువగా విదేశీ సాయం డబ్బుతో వేసేవే. సాయం సంస్థ దగ్గర కంపెనీ కాంట్రాక్టు తీసుకుంటుంది, కంపెనీ మాలాంటి వాళ్ళను తెచ్చుకుంటుంది.

మొదటి వారంలో ఒక పల్లెలో పాడైపోయిన బోరింగు బాగుచెయ్యమన్నారు. తల మూత విప్పితే లోపల అదే గొలుసు, అదే పిడి, అదే రాడ్డు. ఇండియా మార్క్ టూ. 1970లలో యునిసెఫ్ తోడుతో మన దేశంలో తయారైన బోరింగు అది. మా ఇంటి సందు చివర నేను చిన్నప్పుడు కొట్టింది కూడా అదే. తోలు వాచర్లు అరిగిపోయి ఉన్నాయి. మార్చి నాలుగు దెబ్బలు కొట్టేసరికి నీళ్ళొచ్చాయి. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు పసుపు రంగు నూనె డబ్బాలు పట్టుకుని అప్పటికే వరుస కట్టేశారు. ఆ ఊళ్ళో నాకు భయం పోయింది అప్పుడే.

కానీ అక్కడ బోరు వెయ్యాలంటే రాయి సంగతి తరవాత, ముందు దారి సంగతి తెలియాలి. దారి సంగతి తెలియాలంటే వాళ్ళ యుద్ధం, శాంతి ఒప్పందాల సంగతి తెలియాలి.

ఆ దేశం 2011 జూలై 9న పుట్టింది. రెండున్నరేళ్లు తిరక్కుండానే, 2013 డిసెంబరులో అధ్యక్షుడు సాల్వా కీర్ మనుషులకూ, ఉపాధ్యక్ష పదవి పోయిన రీక్ మచార్ మనుషులకూ మధ్య జూబాలోనే కాల్పులు మొదలయ్యాయి. దింకా, నువేర్ తెగల పోరుగా అది పల్లెపల్లెకూ పాకింది. 2015లో ఒక శాంతి ఒప్పందం చేశారు. 2016 జూలైలో అదీ జూబా వీధుల్లోనే పగిలిపోయింది. మా క్యాంపులో తిరుచెంగోడు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. తమిళనాడులోని తిరుచెంగోడు అంటే బోరు బళ్ళకు పేరుపడ్డ ఊరు. ఆ జూలైలో ఆయన జూబాలోనే ఉన్నాడు. మంచం కింద పడుకుని బిస్కట్లు తిన్న రోజుల గురించి చెప్పేవాడు. మన వాయుసేన విమానాలు 'సంకట్ మోచన్' పేరుతో వచ్చి మనవాళ్ళను తీసుకుపోయింది అప్పుడే. ఆయనా ఆ విమానంలోనే ఇంటికి పోయి, మళ్ళీ తిరిగి వచ్చాడు. ఇంటి దగ్గర అప్పు అలా ఉంది.

ఇంకో ప్రయత్నం 2018లో. జూన్‌లో సూడాన్ రాజధాని ఖార్తూమ్‌లో మాటలు, సెప్టెంబరు 12న ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో సంతకాలు. సూడాన్, ఉగాండా హామీ నిలబడ్డాయి. ఇగాడ్ అనే తూర్పు ఆఫ్రికా దేశాల కూటమి మధ్యవర్తి. ఆఫ్రికన్ యూనియన్ తరఫున ఐదు దేశాలు, ఐక్యరాజ్యసమితి వెనక నిలిచాయి. అమెరికా, బ్రిటన్, నార్వే మాత్రం సంతకం పెట్టలేదు. అమలు చూడ్డానికి జూబాలోనే ఒక సంఘం పెట్టారు, అది ప్రతి నెలా అన్ని పక్షాలనూ కూర్చోబెట్టాలి. కాల్పుల విరమణ ఎక్కడ తప్పారో చూసి రాయడానికి ఇంకో బృందం, అందులో చుట్టుపక్కల దేశాల సైనికాధికారులు కూడా. వీటికి తోడు ఐక్యరాజ్యసమితి శాంతి సేన. అప్పట్లో దాని పరిమితి 17,000 మంది సైనికులు. అందులో మన సైనికులు రెండు వేలకు పైగా ఉండేవాళ్ళు.

ఇవన్నీ పేపర్లో చదివితే ఒక చెవిన పోయి ఇంకో చెవిన వచ్చేవి. నాకు అవి రోడ్డు మీద అర్థమయ్యాయి.

రోడ్డుకు అడ్డంగా చెట్టుకూ డ్రమ్ముకూ తాడు కట్టి ఉంటుంది. తాడు దగ్గర ఒక కుర్రాడు, భుజాన తుపాకి. మా బండి ముందు కూర్చున్న స్థానికుడి దగ్గర ప్లాస్టిక్ ఫైలు, అందులో ముద్రలున్న ఉత్తరాలు. ప్రభుత్వ మనుషులిచ్చిన ఉత్తరం ఒకటి. ఇంకాస్త ముందుకు పోయి అవతలి పక్షం పట్టున్న చోటికి చేరితే వాళ్ళ ముద్ర ఉన్న ఉత్తరం ఇంకొకటి. రెండూ ఉంటేనే తాడు దిగుతుంది. 2020 ఫిబ్రవరి 22న ఇద్దరూ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాక కొన్ని దారుల్లో ఒక్క ఉత్తరంతోనే పని జరిగింది. బండి పొద్దున పోయి సాయంత్రానికి పని మొదలుపెట్టిన రోజులున్నాయి. ఒప్పందం గట్టిగా ఉందో లేదో రేడియో కంటే ముందు ఆ తాడే చెప్పేది.

పర్యవేక్షక బృందం తెల్లబండి ఆ దారిలో తిరుగుతున్నన్నాళ్ళూ తాడు దగ్గర కుర్రాళ్ళ మాట తీరే వేరు. "ఎక్కడి నుంచి" అని అడిగి పోనిచ్చేవాళ్ళు. ఆ బండి రావడం మానేస్తే డబ్బులు, సిగరెట్లు, ఫోనుకు రీచార్జి, ఒకసారి మా డీజిల్ క్యాను కూడా.

మా సాగర్ కుడి కాలువ కింద దర్శి బ్రాంచి చివరి భూములున్నవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. పై ఊళ్ళవాళ్ళు ఇన్ని రోజులు, కింది ఊళ్ళవాళ్ళు ఇన్ని రోజులు అని ఇంజినీరు ఎదుట రాసుకుంటారు, చేతులు కలుపుకుంటారు. రాత్రి తూము దగ్గర కాపలా కాసే లస్కరు లేకపోతే ఆ రాత మీద నీళ్ళు పారవు. లస్కరు ఉండాలంటే వాడికి జీతం రావాలి, వాడి మాటకు పై అధికారులంతా ఒకటే మాటగా నిలబడాలి. ఒక అధికారి మూయమని, ఇంకో అధికారి తియ్యమని అంటే తూము ఎవడికి బలముంటే వాడిది.

దక్షిణ సూడాన్ ఒప్పందానికి పట్టిన జబ్బు అదే అని నా నమ్మకం. సంతకాలు తక్కువై కాదు. దాని వెనక నిలబడాల్సిన దేశాలు ఒక మాట మీద లేకపోవడం వల్ల.

2018 జూలైలో భద్రతా మండలి దక్షిణ సూడాన్‌కు ఆయుధాలు అమ్మకూడదని తీర్మానం చేసింది. సరిగ్గా కావలసినన్ని ఓట్లు, తొమ్మిదే వచ్చాయి. ఆరు దేశాలు తటస్థంగా ఉండిపోయాయి. అప్పుడు ఇగాడ్ తరఫున ముందుండి మాటలు నడుపుతున్న ఇథియోపియా కూడా ఆ ఆరింటిలో ఒకటి. ఇలాంటి వేళ ఒత్తిడి పెడితే మాటలు చెడతాయని వాళ్ళ వాదన. వాళ్ళ వాదన వాళ్ళకుండొచ్చు. తుపాకి పట్టినవాడికి మాత్రం పెద్దవాళ్ళలో చీలిక ఉందని తెలిసిపోయింది.

2019 ఏప్రిల్ 11 సంగతి మా స్థానిక డ్రైవరు ఎన్నిసార్లు చెప్పాడో. ఆ రోజు వాటికన్‌లో పోప్ ఫ్రాన్సిస్ మోకాళ్ళ మీద వంగి కీర్, మచార్ ఇద్దరి పాదాలూ ముద్దు పెట్టుకుని శాంతిని నిలబెట్టమని బతిమాలాడు. ఎనభై దాటిన మనిషి. అదే రోజు హామీదారుల్లో ఒకడైన సూడాన్ అధ్యక్షుడు బషీర్‌ను సైన్యం దించేసింది. 2023 ఏప్రిల్ 15న సూడాన్‌లోనే యుద్ధం మొదలైంది. హామీ ఉన్న రెండు దేశాల్లో ఒకటి తన ఇల్లే ఆర్పుకోలేని స్థితిలో పడింది.

దీని దెబ్బ ఎక్కడ తగిలిందంటే నూనె పైపు మీద. దక్షిణ సూడాన్ ప్రభుత్వ రాబడిలో తొంభై శాతం దాకా ముడి చమురుదే. అది సూడాన్ నేల మీదుగా ఎర్ర సముద్రం చేరాలి. 2024 ఫిబ్రవరిలో యుద్ధం మధ్య ఆ పైపు పగిలింది. జూబాలో నెలల తరబడి జీతాల్లేవు. ఒప్పందం ప్రకారం ఇద్దరి సైన్యాల నుంచీ 83,000 మందిని కలిపి ఒకే బలగం చెయ్యాలి. శిక్షణ క్యాంపుల్లో తిండి లేక కుర్రాళ్ళు వెనక్కి పోయారు. తుపాకి ఉండి జీతం లేనివాడు తాడు కట్టక ఏం చేస్తాడు?

ఇంకోటి, మాటలకు ఒక చోటంటూ లేదు. సంతకం పెట్టని పక్షాలతో రోములో ఒక చర్చ. తరవాత 2024 మేలో నైరోబీలో ఇంకో చర్చ. దాన్ని నడిపిన కెన్యా జనరల్ సుంబేయ్వో 2005లో ఉత్తర, దక్షిణ సూడాన్‌ల మధ్య ఒప్పందాన్ని కుదిర్చినవాడు. మనిషి గట్టివాడే. కానీ ఒక గడపలో పని కాకపోతే ఇంకో గడప ఉందని నాయకులకు తెలిస్తే ఎవరి మాటా పూర్తిగా వినరు. ఎన్నికలు 2022 నుంచి 2024కు, అక్కణ్ణించి 2026 డిసెంబరుకు వాయిదా పడ్డాయి.

2025 మొదట్లో అమెరికా విదేశీ సాయం ఆపేసింది. మా కంపెనీ చేతిలో ఉన్న బోర్ల పని ఎక్కువ భాగం ఆగిపోయింది. బండి యార్డులో నిలబడింది. ఒక పల్లెలో కేసింగు దింపి, పంపు బిగించకుండా మూతేసి వచ్చాం. ఆ ఊరి ముసలామె "రేపొస్తారా" అని డ్రైవర్ని అడిగింది. ఆమెకు వాడేం చెప్పాడో నాకు తెలీదు, నేను అడగలేదు.

మార్చిలో పై నైలు రాష్ట్రంలోని నాసిర్ దగ్గర సైనిక స్థావరం మీద సాయుధ మూక పడింది. అక్కడి సైనికులను తీసుకురావడానికి పోయిన ఐక్యరాజ్యసమితి హెలికాప్టర్ మీదే 7వ తేదీన కాల్పులు జరిగాయి. ఉగాండా సైన్యం జూబాకు వచ్చింది, అదీ ఒక పక్షానికి అండగా. హామీ ఉన్న మనిషి ఒక పక్కకు చేరితే రెండో పక్షానికి ఏం ధైర్యం ఉంటుంది? జర్మనీ రాయబార కార్యాలయం మూసేసింది. 26న మచార్‌ను ఇంట్లోనే నిర్బంధించారు. కెన్యా తన మాజీ ప్రధాని రైలా ఒడింగాను రాయబారిగా పంపింది. ఆయన్ను కీర్‌తో మాట్లాడనిచ్చారు గానీ మచార్‌ను కలవనివ్వలేదు. ఆ వారంలో మా క్యాంపులో అందరికీ ఒకటే టెన్షన్. పాస్‌పోర్టు దిండు కింద పెట్టుకుని పడుకున్నాం. తిరుచెంగోడు పెద్దాయన మాత్రం బియ్యం, నీళ్ళు లెక్క చూసి సర్దుతూ కూర్చున్నాడు. నేను వచ్చేశాను. సెప్టెంబరులో మచార్ మీద హత్య, దేశద్రోహం కేసుల విచారణ మొదలైందని ఫోన్లో చూశాను.

మన దేశం గురించి కూడా ఒక మాట. 2013 ఏప్రిల్‌లో జోంగ్లేలో ఐదుగురు, ఆ డిసెంబరులో అకోబోలో ఇద్దరు మన సైనికులు ఆ నేల మీద ప్రాణాలిచ్చారు. శాంతి సేనకు వరసగా ఇద్దరు మన జనరళ్ళు, తినైకర్, సుబ్రమణియన్ నాయకత్వం వహించారు. మలకాల్‌లో మన పశువైద్యులు ఆవులకు వైద్యం చేస్తారు. పశువే ఆస్తి అయిన ఆ జనానికి దాని విలువ ఎంతో నేను చూశాను. ఓఎన్‌జీసీ విదేశ్‌కు అక్కడి చమురులో వాటా ఉంది. ఇంత చేసిన దేశం ఒప్పందం గురించి మాట్లాడే చోట ఇంకా గట్టిగా మాట్లాడాలి. అక్కడ మనకు శత్రువులెవరూ లేరు. ఇద్దరూ మనల్ని కూర్చోమనేవాళ్ళే.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మా అక్క కొడుకు జూబా పోతానంటున్నాడు. ఒంగోలులో ఎవరో ఏజెంటు బోరు హెల్పరు పని ఉందన్నాడంట.

"మామా, ఒప్పందం అయిపోయి ఏడేళ్లు దాటిందంట గదా, ఇంకా భయమేంది?" అన్నాడు.

"ఒరే తమ్ముడూ, వాడికి నువ్వన్నా చెప్పరా" అని అక్క.

పోవద్దని నేను చెప్పలేదు. ఆ పని నా ఇల్లు నిలబెట్టింది, ఆ జనం నన్ను బాగా చూసుకున్నారు. చూసుకోవలసినవి చెప్పాను. పదో తరగతి పాస్ కానివాడు పనికి దక్షిణ సూడాన్ పోవాలంటే కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ సైటులో అనుమతి తప్పనిసరి. వాడు తొమ్మిదితో ఆపాడు. ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి అదే సైటులో చూడాలి. దిగగానే జూబాలోని మన రాయబార కార్యాలయంలో పేరు రాయించుకోవాలి. గొడవైతే విమానం టిక్కెట్టు ఎవరు కొంటారో కాగితం మీద ఉండాలి. బోర్లకు డబ్బు ఏ సంస్థదో, ఎన్ని నెలలకు ఉందో అడగాలి. 2026 డిసెంబరు 22న అన్న ఎన్నికల సంగతి ఏమవుతుందో చూడాలి. ఇగాడ్, ఆఫ్రికన్ యూనియన్ వాళ్ళు మచార్ దాకా పోగలిగారా లేదా అన్న వార్త కనిపిస్తే నాకు చూపించమన్నాను.

"ఇవన్నీ ఏజెంటును అడిగితే వేరేవాణ్ణి చూసుకుంటాడు మామా" అన్నాడు.

"అట్టా అంటే వాడితో పోవద్దు అల్లుడూ."

వాడు ప్రస్తుతం కురిచేడు వైపు ఒక బండి మీద పనికి పోతున్నాడు. లైసెన్సు నంబరు ఏజెంటు ఇంకా పంపలేదు.