పోష్వార్: రేకు కన్నాల్లోంచి దిగే రంగు

1908లో పాల్ ఇరీబ్, 1911లో జార్జ్ లెపాప్ గీసిన, పారిస్ ఫ్యాషన్ డిజైనర్ పాల్ ప్వారే గౌనులు చూడండి. నడుము బిగించే కార్సెట్ లేదు, నడికట్టు రొమ్ము కిందకి జరిగింది, బట్ట నిలువుగా జారుతుంది. ఆ సాఫీ రంగు అచ్చుయంత్రం వేసింది కాదు. గీతలు మాత్రమే అచ్చు. రంగులు చేత్తో, రంగుకో కన్నాల రేకు చొప్పున అద్దినవి. ఈ పద్ధతినే ఫ్రెంచిలో పోష్వార్ అంటారు. మన ముగ్గు పళ్లేల పద్ధతే, పని మాత్రం ఎంతో నాజూకు.

అప్పట్లో పల్చని రాగి, జింకు రేకులు. మనకి పారదర్శక ప్లాస్టిక్ షీటు చాలు. పెద్ద రంగు మధ్యలో నడికట్టులాంటి ముక్క ఉంటే దాన్ని రేకుకి కలిపి ఉంచే 2 మిల్లీమీటర్ల సన్న పట్టీ, అంటే వంతెన, వదలాలి, లేకపోతే ముక్క ఊడొస్తుంది. గువాష్ (కింది కాగితం కనపడనివ్వని నీటిరంగు) చిలికిన పెరుగంత చిక్కగా ఉండాలి. పొట్టి బ్రష్షుని గుడ్డ మీద రెండుసార్లు అద్ది, నిటారుగా పట్టుకుని అంచు నుంచి లోపలికి తట్టాలి. రాయకూడదు! నీళ్లెక్కువైతే రంగు రేకు కిందకి పాకి అంచు చెదురుతుంది.

కోనసీమ వానల్లో అసలు చిక్కు కాగితంతోనే. చెమ్మ పీల్చి సాగుతుంది. నిన్నటి రంగు పక్కన ఇవాళ్టి రేకు కూర్చోదు. కాగితాన్ని ముందురోజే పనిచేసే గదిలో పరిచి, రంగులన్నీ ఒకే రోజు ముగించాలి. నరసాపురం లేసు అంచున్న జాకెట్టు బొమ్మైతే లేసుకి తెల్లరంగు వద్దు. అక్కడ కాగితాన్నే వదిలేసి, చుట్టూ నీలం అద్దండి, కుట్టు కుట్టూ పైకి తేలుతుంది.