టిక్కెట్టు కొని టీవీ యాడ్లు చూసొచ్చాం

అమెరికాలో మా మినియాపొలిస్‌లో చలి ముదిరే రోజుల్లో జనం డబ్బులు పెట్టి టీవీ యాడ్లు చూడటానికి వెళ్తారు. అవీ అమెరికావి కాదు, బ్రిటన్‌వి. బ్రిటిష్ యారోస్ అని బ్రిటన్‌లో ఏటా యాడ్లకు అవార్డులిస్తారు. పూర్వం వాటినే బ్రిటిష్ టెలివిజన్ అడ్వర్టైజింగ్ అవార్డ్స్ అనేవారు. గెలిచినవాటిని వరసగా కూర్చి, మా ఊళ్లోని వాకర్ ఆర్ట్ సెంటర్ అనే మ్యూజియంవాళ్లు తమ సినిమా హాల్లో కొన్ని వారాలపాటు ఆడిస్తారు. దశాబ్దాలుగా నడుస్తున్న ఆనవాయితీ ఇది. ఈసారి మా నాన్నని తీసుకెళ్లాను. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్న మనవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

నాన్న తెనాలి దగ్గర హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇంగ్లీషు బాగా చదువుతారు, విని అర్థం చేసుకోవడమే కాస్త కష్టం. ఇక్కడికొచ్చాక టీవీ పెడితే చాలు, మందుల యాడ్లు. కీళ్లనొప్పులకో మందు, షుగరుకో మందు, చివర్లో వాటివల్ల వచ్చే అనర్థాలన్నీ గబగబా అప్పజెప్పడం. "ఇదేం ఖర్మమ్మా, డాక్టరు చెప్పాల్సింది టీవీ చెబుతుందా?" అని ఆయన గొడవ. డాక్టరు చీటీ మీద మాత్రమే ఇచ్చే మందులకి జనం చూసేలా ప్రకటన వేయడం బ్రిటన్‌లో చట్టప్రకారం కుదరదని చెప్పాను. "అయితే వాళ్లవి చూద్దాం పద" అన్నారు.

టిక్కెట్ల విషయంలో తాత్సారం పనికిరాదు. శనాదివారాలు, సాయంత్రం ఆటలు ముందు నిండిపోతాయి. క్రిస్మస్ సెలవుల్లో ఊళ్లో ఉన్న చుట్టాలందరినీ వెంటబెట్టుకొచ్చేవాళ్లుంటారు. తేదీలు పెట్టగానే కొనేయాలి. నేను మామూలు రోజున మధ్యాహ్నం ఆట తీసుకున్నా. చీకటి పడకముందే ఇల్లు చేరొచ్చు, రోడ్డు మీద మంచు గట్టిపడకముందే. కారైతే మ్యూజియం కిందే పార్కింగ్ ఉంది, వైన్‌లాండ్ ప్లేస్ వైపునుంచి దారి. పెద్దవాళ్లని గాలిలో నడిపించాల్సిన పని లేదు. చిన్నపిల్లల్ని మాత్రం తీసుకెళ్లకండి. రాత్రి తొమ్మిది దాటాక మాత్రమే వేసే యాడ్లు కూడా బ్రిటన్ టీవీలో ఉంటాయి, ఈ వరసలో అలాంటివీ తగులుతాయి. మా బుజ్జిగాడి దగ్గర అమ్మ ఉండిపోయింది.

ఎక్కువ శ్రద్ధ పెట్టింది నాన్నని సిద్ధం చేయడం మీద. మేం తీసుకున్న ఆటకి తెర మీద మాటల కింద తెలుగు కాదుగదా, ఇంగ్లీషు అక్షరాలు కూడా పడవు. అందుకని రోజూ అన్నాలయ్యాక మాటలు తక్కువున్న పాత యాడ్లు చూపించాను. మొదట 1973 నాటి హోవిస్ రొట్టె యాడ్. డోర్సెట్‌లోని షాఫ్ట్స్‌బరీ ఊళ్లో గోల్డ్ హిల్ అనే ఏటవాలు వీధి, దాని మీదికి రొట్టెల సైకిల్ తోసుకెళ్లే కుర్రాడు, వెనక ద్వోర్జాక్ అనే పాత సంగీతకారుడి సింఫనీ. తీసింది సినిమా దర్శకుడు రిడ్లీ స్కాట్, హాలీవుడ్‌కి వెళ్లకముందు. తర్వాత 2003 హోండా యాడ్: కారు విడిభాగాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ రెండు నిమిషాలు కదులుతాయి. 2007 క్యాడ్‌బరీది కూడా. గొరిల్లా వేషంలో ఒకడు కూర్చుని ఫిల్ కాలిన్స్ పాటకి డ్రమ్స్ వాయించడమే, చాక్లెట్ తినేవాళ్లెవరూ లేరు. నాన్న దాన్ని మళ్లీ పెట్టమన్నారు. "పేరు ముందే చెప్పేస్తే మనం లేచి మంచినీళ్లకి పోతాం. చెప్పడు కాబట్టి కూర్చుంటాం" అన్నారు. నాకు తోచనిది ఆయనకి అప్పుడే పట్టుబడింది.

2015లో జాన్ లూయిస్ దుకాణాలవాళ్లు, వృద్ధుల కోసం పనిచేసే ఏజ్ యూకే సంస్థతో కలిసి వేసిన క్రిస్మస్ యాడ్ కూడా చూపించాను. చంద్రుడి మీద ఒంటరిగా ఉన్న ముసలాయనకి ఒక చిన్నపిల్ల దుర్భిణి పంపిస్తుంది. అది చూశాక అమ్మ చాలాసేపు వాళ్ల మేనత్త గురించి మాట్లాడింది.

హాల్లో వేరే లోకం. యాడ్ వెంట యాడ్, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. నవ్వించింది ముగియకముందే రోడ్డు భద్రత మీద తీసిందొకటి గుండె పట్టేస్తుంది. ఇది ఏ సరుకుదో కనిపెట్టాలని హాలంతా లోపల్లోపల పందెం వేసుకున్నట్టే ఉంటుంది, చివరి క్షణంలో పేరు పడగానే ఒక్కసారిగా నవ్వు. ఇంట్లో ఫోన్లో చూస్తే ఆ నవ్వు దొరకదు. మొదట్లో నేను చెవిలో అర్థం చెప్పబోతే నాన్న నా చెయ్యి నొక్కి ఆపేశారు. మంచి పనే, నేను చెప్పేలోగా తర్వాతిది మొదలయ్యేది. మీరూ అక్కడ చెప్పబోకండి, బయటికొచ్చాక మాట్లాడుకోవచ్చు.

నాన్నకి అర్థం కాదేమోనని నేను భయపడ్డ యాసే ఆయన్ని కట్టిపడేసింది. స్కాట్లండ్ మనిషి స్కాట్లండ్‌లా, లివర్‌పూల్ మనిషి లివర్‌పూల్‌లా మాట్లాడతారు. సగం మాటలు నాకే అందలేదు. కారెక్కాక ఆయన అడిగిందిదే: "ఎవడి ఊరి మాట వాడు మాట్లాడుతున్నాడు కదమ్మా, మన టీవీలో ఆ మాట ఎందుకు వినబడదు?" నా దగ్గర తయారుగా జవాబుంది. మనకొచ్చే పెద్ద కంపెనీల యాడ్లు చాలావరకు హిందీలో తీసి తెలుగు గొంతు అతికించినవి. పెదవులొకటంటాయి, మాట ఇంకోటి. ఆ ఇంట్లో వంటగది మనది కాదు, ఆ అత్తగారు మన అత్తగారు కాదు. కోట్లమంది కొనే సరుకుకి శ్రీకాకుళం యాసలోనో, కరీంనగర్ యాసలోనో ఒక అరనిమిషం తీయడానికి డబ్బుల్లేకనా? తీస్తే ఎవరు చూడరు? నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కొన్నాళ్లు డబ్బింగ్ స్క్రిప్టులు రాశాను. పెదవికి సరిపడే అక్షరం కోసం మంచి మాటని వదిలేయడం ఎంత బాధో నాకు తెలుసు. ఈ దేశంలో, ఈ చలిలో, ఇంకో దేశపు యాడ్లకి హాలు నిండటం చూసినప్పుడు ఆ బాధే పైకొస్తుంది.

బ్రిటన్ టీవీ సంగతి కూడా చెప్పాలి. అక్కడి బీబీసీ ఛానెళ్లలో యాడ్లుండవు. 1955 సెప్టెంబరు 22న, యాడ్లతో నడిచే ఐటీవీ ఛానెల్ మొదలైన రాత్రే బ్రిటన్ టీవీలో మొదటి యాడ్ పడింది, గిబ్స్ ఎస్ఆర్ టూత్‌పేస్టుది. ఇంటికెళ్లాక నాన్న ఈ సంగతులన్నీ అడిగి డైరీలో రాసుకున్నారు. ఎందుకని అడిగితే అమ్మకి చెప్పాలట. పక్కవారానికి ఇద్దరికీ మళ్లీ టిక్కెట్లు తీశాను. ఈసారి బుజ్జిగాడి దగ్గర నేను. అమ్మకి ఇంగ్లీషు అసలు రాదు, అయినా రాత్రిళ్లు ఆ గొరిల్లా యాడ్ తనే పెట్టించుకుంటోంది.