గేర్‌బాక్స్ బోల్టులు, రియాక్షన్ ఆర్మ్ గొడవ (నా అనుభవం)

నిన్ననే బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో పని ముగించుకుని ఇంటికొచ్చాను. కోపం ఇంకా దిగలేదు. అయినా ఇప్పుడే రాసేస్తున్నా, రేపు ఇంకో కుర్రాడు ఇలాంటి చోటే వేళ్ళు నలగ్గొట్టుకోకూడదని.

పని ఏంటంటే ఒక ప్లాంట్‌లో పెద్ద గేర్‌బాక్స్ బేస్ బోల్టులు, ఎం36 సైజు, 55 సాకెట్, ఒక్కోటి 2000 న్యూటన్ మీటర్లకి హైడ్రాలిక్ టార్క్ రెంచ్‌తో (పంప్ ఆయిల్ ప్రెషర్‌తో నట్ తిప్పే టూల్) బిగించాలి. గేట్ పాస్, మెడికల్, సేఫ్టీ క్లాసు ఒక్క పూటలో అయిపోయాయి. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ (టూల్ కొలత సరిగ్గా ఉందనే కాగితం) జిరాక్సులు మాత్రం రెండు సెట్లు పట్టుకెళ్ళండి, ఒకటి గేటు దగ్గరే ఉంచేసుకుంటారు.

అసలు గొడవ పర్మిట్, అంటే పని మొదలెట్టడానికిచ్చే అనుమతి కాగితం, సంతకం దగ్గర మొదలైంది. మోటారు వైపున్న బోల్టులకి టూల్ ఆనించే చోటే లేదు. మా రెంచ్‌తో వచ్చిన రియాక్షన్ ఆర్మ్ (టూల్ వెనక్కి తిరిగిపోకుండా పక్కనున్న గట్టిదానికి ఆనించే చెయ్యి) 150 మిల్లీమీటర్లు, అది సరిగ్గా లూబ్ ఆయిల్ పైపు మీదకి వస్తోంది, గట్టి స్టిఫ్‌నర్ ప్లేటేమో బోల్టుకి 300 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. పొడుగు ఆర్మ్ తెప్పించేదాకా ఈ బోల్టులు ముట్టుకోనన్నాను. అంతే, అక్కడి ఇంజనీరు గారికి ఎక్కడలేని కోపం వచ్చింది. పొద్దున్న మీటింగ్‌లో హెల్పర్లు, క్రేన్ ఆపరేటర్, అందరి ముందూ "ఏటోయ్, ఐటీఐ చదివి నాకు ఫిజిక్స్ చెప్తావేటి? పైపుకి ఆనించు, లేపోతే ఇద్దరు కుర్రాళ్ళని పట్టుకోమను, బిగించెయ్. భయమేస్తే ఇంటికెళ్ళిపో" అన్నాడు. మా కుర్రాళ్ళు తలొంచుకున్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి గానీ నోరు జారలేదు.

నట్ కుడికి తిరుగుతుంటే టూల్ ఒళ్ళు అంతే బలంతో ఎడమకి తిరగాలని చూస్తుంది, ఆ బలాన్ని ఏదో ఒకటి ఆపాలి కదా. అట్టపెట్టె ముక్క మీద సుద్దతో లెక్క వేసి చూపించాను. 2000ని ఆర్మ్ పొడుగు 0.15 మీటర్లతో భాగిస్తే 13,333 న్యూటన్లు, అంటే దగ్గరదగ్గర 1360 కిలోలు, యాభై కిలోల బియ్యం బస్తాలు ఇరవై ఏడు ఆ ఒక్క అంగుళం పైపు మీద పేర్చినట్టు. అదే 300 దూరంలో ఆనిస్తే బరువు సగమై 680 కిలోలకి దిగుతుంది, అదీ ఆయిల్ పైపు మీద కాదు, గట్టి ప్లేటు మీద. మనుషులు పట్టుకోడం సంగతంటారా, మీటరు పొడుగు రాడ్ చివర పట్టుకున్నా 200 కిలోలు తోస్తుంది, ఎవరాపుతారండి? చెయ్యి జారితే టూల్ గిర్రున తిరిగి కాళ్ళ మీదకో పొట్ట మీదకో వస్తుంది, జారకపోతే ఆర్మ్‌కీ ఇనుముకీ మధ్యన వేళ్ళు పోతాయి.

అప్పుడు ఇంజనీరు ఇంకో ఆలోచన చెప్పాడు, ఉన్న ఆర్మ్‌కే పైపు ముక్క వెల్డ్ చేసెయ్యమని! ఆర్మ్ హీట్ ట్రీట్‌మెంట్ చేసిన స్టీలు, వెల్డింగ్ వేడికి ఆ చోట దాని గుణం మారిపోతుంది, లోడ్ పడగానే విరిగి ఎగురుతుంది. ఏ కంపెనీ మాన్యువల్ తీసినా మార్పులు చెయ్యొద్దనే ఉంటుంది. ఇలాంటోళ్ళతో నోటిమాట పెట్టుకోకండి. నేను పర్మిట్ కాగితం వెనకాలే "పైపుకి ఆనించమని సార్ చెప్పారు" అని రాసి, కింద సంతకం పెట్టండి సార్ అని ఇచ్చాను. పెన్ను పట్టుకుని కాసేపు చూసి తిరిగిచ్చేశాడు. ఆ ప్లాంట్ పాత ఫోర్‌మన్ ఒకాయన మెల్లిగా వచ్చి "ఆ పైపు ఇరిగితే ఆయిలంతా పోద్ది సార్, బేరింగులు కాలిపోతాయి" అనేసరికి మెత్తబడ్డాడు. మనిషి వేళ్ళ గురించి నేను చెప్తే ఎక్కలేదు, బేరింగులంటే ఎక్కింది.

విశాఖపట్నంలో టూల్ అద్దెకిచ్చేవాళ్ళకి ఫోన్ చేస్తే అదే మోడల్ పొడుగు ఆర్మ్ ఆర్టీసీ కార్గోలో వేశారు.

తర్వాతంతా సాఫీ. ఆర్మ్ పాదం ప్లేటుకి పూర్తిగా ఆనాలి, మూల మీద ఆనితే లోడ్ పడేసరికి టూల్ పక్కకి ఒరుగుతుంది. పాదానికి సుద్ద రాసి, తక్కువ ప్రెషర్ మీద ఒకసారి రిమోట్ నొక్కి చూశాను, ప్లేటు మీద సుద్ద అచ్చు సగమే పడింది. టూల్ కాస్త తిప్పి మళ్ళీ పెడితే నిండుగా పడింది. అప్పుడే ప్రెషర్ పెంచాను. రిమోట్ ఒక్కడి చేతిలోనే, అది నా చేతిలోనే. పంప్ నడుస్తున్నంతసేపూ టూల్ మీద ఎవరి చెయ్యీ ఉండకూడదు. టార్క్ ముందు 30 శాతం, 60, తర్వాత 100, ఎదురెదురు బోల్టులు, ఆఖర్న వరసగా ఒక చుట్టు. మా గ్యాంగ్‌లో ఇన్నేళ్ళలో ఒక్కరి గోరు కూడా ఊడలేదు, ఇది గర్వంగానే చెప్తున్నా.

చెకింగ్‌లో ఒక్క నట్ కూడా కదల్లేదు. ఇంజనీరు సంతకం పెడుతూ, ఆ ఆర్మ్ అద్దె బిల్లులో కలపొద్దన్నాడు. కలిపే పంపాం.